గోడ అవతలి ఎక్స్‌టెన్షన్

మా ఇంట్లో నెట్ ఎప్పుడు పోతుందో తెలుసుకోవడానికి గడియారం అక్కర్లేదు. పోర్టు వైపు నుంచి పగటి షిఫ్టు దిగే సైరన్ వినిపిస్తుంది, అది పూర్తిగా ఆగకముందే మోడెం మీద ఆకుపచ్చ దీపం ఆరిపోతుంది. మొదట్లో కరెంటు వాళ్ళని తిట్టాను. తర్వాత టెలిఫోన్ వాళ్ళని తిట్టాను. ఇంకెవరూ దొరక్క చివరికి మా ఆయన్ని తిట్టాను. ముగ్గురికీ చీమ కుట్టినట్టైనా లేదు.

నా పేరు రోజారమణి. పుట్టిల్లు తగరపువలస, కాపురం మల్కాపురం. నోరు కొంచెం పెద్దదని రెండు చోట్లా పేరుంది. పెళ్ళయిన నాటి నుంచీ ఈ వీధిలో నేను శివరామకృష్ణగారి మిసెస్‌ని, కనకరత్నమ్మగారి కోడలిని, శ్రీసత్య వాళ్ళమ్మని. పిల్ల చదువుకని హాస్టల్‌కి వెళ్ళాక, నలభై దాటిన వయసులో, ఒక ఆసుపత్రి అపాయింట్‌మెంట్ల డెస్కులో ఉద్యోగం సంపాదించాను. ఆసుపత్రి హైదరాబాదులో, నేను మా ముందుగదిలో. హెడ్‌సెట్ తగిలించుకుని కంప్యూటర్ ముందు కూర్చుంటే ఎక్కడెక్కడి వాళ్ళ నొప్పులో నా చెవిలోకి వస్తాయి. "నమస్కారం, నేను రోజారమణి మాట్లాడుతున్నాను" అంటాను. రోజంతా నా పేరు నేను చెప్పుకోవడం ఎంత బాగుంటుందో చెబితే నవ్వుతారు. నవ్వండి. ఆ ఉద్యోగం పోయేలా ఉందని తెలిసినప్పుడు మాత్రం నాకు అన్నం సహించలేదు.

ఆ కాల్స్ అన్నీ నెట్ మీదే వస్తాయి. నెట్ వచ్చేదేమో మామగారి కాలంనాటి ల్యాండ్‌లైన్ తీగ మీద. ఫైబర్ వాళ్ళు మా సందు మొదటిదాకా వచ్చి, కాలువ పనులు అయ్యాక వస్తామని చెప్పి మళ్ళీ కనబడలేదు. కొండ కింద ఇల్లు కాబట్టి సెల్ సిగ్నల్ కోసం డాబా ఎక్కాలి. రోజూ మధ్యాహ్నం సైరన్ కాగానే, ఎవరో పెద్దాయన గుండె నొప్పి గురించి చెబుతుండగానే, లైను తెగేది. మళ్ళీ దీపం వెలిగేసరికి ఆయన మరొకరికి ఫోన్ చేసుకునేవాడు.

మా టీమ్ లీడర్ రోహిత్ మర్యాదస్తుడు. తిట్టేవాళ్ళతో నాకు పేచీ లేదు, తిరిగి తిడతాను. మర్యాదస్తులతోనే కష్టం.

"మేడమ్, వచ్చేవారం మీ ప్రొబేషన్ రివ్యూ. మిగతా అంతా చాలా బాగుంది. మధ్యాహ్నం కాల్స్ మీద మాత్రం కంప్లయింట్లు వస్తున్నాయి. ఇంకొకటి వస్తే నా చేతుల్లో ఉండదు," అన్నాడు.

ఆ పూట స్టీల్ ప్లాంటు నుంచి వచ్చిన మా ఆయన, నా మొహం చూసి కూడా వేళాకోళం ఆపలేదు.

"మజ్జానం ఇంటికి ఫోన్ సేత్తే ఎప్పుడూ ఎంగేజే. ఎవల్తో అన్ని కబుర్లు?"

"ల్యాండ్‌లైన్ నాను ముట్టుకోనే ముట్టుకోను. నా చెవుల్లో హెడ్‌సెట్ ఉంటాది కదేటి?"

"మరైతే అమ్మ మాటాడతందేమో."

అత్తయ్య వంటింటి గుమ్మంలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. మామూలుగా అయితే ఒక మాటకి రెండు మాటలు చెప్పే మనిషి. ఆ రోజు తలెత్తకుండా గింజలు తీస్తూనే ఉంది.

మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. ఇది రెండు పోర్షన్ల ఇల్లు. మా మామగారు, యేసుదానంగారు పోర్టులో ఒకే గ్యాంగులో పనిచేసేవారు. మామగారిది గోదావరి జిల్లా, యేసుదానంగారిది ఇక్కడే గాజువాక. ఇద్దరూ కలిసి స్థలం కొని, మధ్యలో ఒకటే గోడ పెట్టి, చెరోవైపూ ఇల్లు కట్టుకున్నారు. ఇప్పుడు ఇద్దరూ లేరు. యేసుదానంగారి భార్య విమలమ్మగారు కిందటేడు వానాకాలంలో పోయారు. వాళ్ళ అమ్మాయి స్టెఫీ బెంగుళూరులో నర్సు. సమాధి కార్యక్రమం అయ్యాక కరెంటు తీయించి, తాళం వేసి, తాళంచెవి మా అత్తయ్య చేతిలో పెట్టి వెళ్ళింది. అప్పటినుంచీ ఆ పోర్షన్ మూసే ఉంది.

నా ఫిర్యాదుకి చివరికి ఒక లైన్‌మన్ వచ్చాడు. పేరు మైఖేల్. వచ్చీ రాగానే వెళ్ళిపోయే తొందరలో ఉన్నాడు. స్తంభం నుంచి వచ్చిన తీగ మా వరండా గోడ మీద చిన్న తెల్ల డబ్బాలోకి దిగుతుంది. అక్కడినుంచి ముందుగదిలో స్ప్లిట్టర్‌కి వెళ్తుంది. స్ప్లిట్టర్ అంటే అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద డబ్బా. ఒక తీగ లోపలికి వెళ్ళి రెండుగా బయటికి వస్తుంది, ఒకటి ఫోనుకి, ఒకటి మోడెంకి. ఫోను గోల నెట్‌కి తగలకుండా చూడడం దాని పని.

"బయటదాకా లైను సుబ్బరంగుందక్కా. తేడా మీ ఇంట్లోనే ఉంది. నానేటి సేత్తాను?" అన్నాడు మైఖేల్, సంచి సర్దుకుంటూ.

"ఆగు బాబూ. సైరన్ మోగనీ. అప్పుడు చూసి ఎళ్దువు."

మోగింది. మా ఫోను ఉన్నచోటే ఉండి చిన్నగా టింగుమంది. మోడెం దీపం ఆరిపోయింది. మైఖేల్ సంచి కింద పెట్టి, తన టెస్టింగ్ ఫోను తీగలకి తగిలించి చెవి దగ్గర పెట్టుకున్నాడు. కాసేపు విన్నాక అతని మొహంలో తొందర పోయింది.

"ఎవలో ఫోన్ ఎత్తారక్కా."

"ఎవలెత్తుతారు? ఉన్నది ఒక్క ఫోను. అదిగో, నీ మూతి ముందే ఉంది."

"ఇది కాదు. ఇదే లైను మీద ఇంకోటుంది. స్ప్లిట్టర్‌కి ముందే ఎవలో తీగ లాగేసారు. ఆ ఫోను ఎత్తితే నెట్ మీద పడిపోతాది. ఇదిగో, నువ్వే ఇను."

విన్నాను. డయల్ టోన్ లేదు. ఖాళీ గదిలో ఉండే బోలు చప్పుడు ఉంది. దాని వెనక సీలింగ్ ఫ్యాను ఒక రెక్క వంగినట్టు టక్, టక్ మంటూ తిరుగుతోంది. ప్లాస్టిక్ వైరు కుర్చీలో ఎవరో సర్దుకుని కూర్చున్నట్టు కిర్రుమంది. ఆ తర్వాత ఊపిరి. ఆయాసం కాదు, ఏడుపు కాదు. ఫోను చెవికి ఆనించుకుని అవతలివాళ్ళు మాట్లాడితే విందామని కాచుకున్న మనిషి ఊపిరి. రోజూ చెవిలో జనాల ఊపిరి వినే ఉద్యోగం నాది, ఆ తేడా నాకు తెలుసు.

"హలో, ఎవరండీ?" అన్నాను. ఊపిరి ఒక్క క్షణం ఆగింది, అంతే.

మైఖేల్ తెల్ల డబ్బా మూత తీశాడు. లోపల మా తీగ పక్కనే మరో పాత తీగ మెలేసి ఉంది. దాని మీద నాలుగు పొరల సున్నం. అది వరండా గోడ పట్టుకుని, కిటికీ మీదుగా ముందుగదిలోకి వచ్చి, మామగారి ఫొటో వెనక్కి దూరింది. మైఖేల్ ఫొటో పక్కకి జరిపాడు. గోడకి వేలు పట్టేంత కంత. తీగ అందులోంచి అవతలికి వెళ్ళిపోయింది.

"అవతలెవలుంటారక్కా?"

"ఎవలూ ఉండరు. తాళం."

మైఖేల్ గుండెల మీద సిలువ గీసుకున్నాడు. గబగబా సంచి భుజాన వేసుకున్నాడు.

"పీకి పారెయ్ అక్కా. ఎవలూ ఎత్తకపోయినా అలాటి తీగ మంచిది కాదు. సిగ్నల్ అటెళ్ళి, సివర దారి లేక మళ్ళీ ఎనక్కొస్తాది. ఎళ్ళీ దానికీ వచ్చీ దానికీ గొడవ."

"నువ్వే పీకి ఎళ్ళు."

"నాను పీకను. మీ గోడ, మీ తీగ," అని, వీధి మలుపు దాకా బండి నడిపించుకునే పోయాడు. స్టార్టు చేయడం మర్చిపోయాడనుకుంటాను.

నేను అత్తయ్య వైపు తిరిగాను. ఆవిడ మామగారి ఫొటో సరిగ్గా సర్ది, పైటచెంగుతో అద్దం తుడుస్తోంది. పోర్టు బొగ్గు పొడి నల్లగా వచ్చింది. మా వీధిలో పొద్దున్న తుడిచిన కిటికీ గట్టు మీద సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు.

"అత్తయ్యా, ఏటిది?"

"ఏటుంది? విమలకిచ్చిన ఎక్స్‌టెన్షను."

మా అత్తయ్య ఇక్కడికొచ్చి నలభై ఏళ్ళు దాటినా మాటలో గోదావరి పోలేదు. దాని మీద విశాఖ వచ్చి కూర్చుంది. ఆవిడ నెమ్మదిగా చెప్పింది, నేను నోరు మూసుకుని విన్నాను. అది మా ఇంట్లో అరుదు.

ఫోను ముందు మా పోర్షన్‌కే వచ్చిందట. యేసుదానంగారింటికి కావలసిన వాళ్ళందరికీ మా నంబరే. వాళ్ళకి ఫోనొస్తే అత్తయ్య పచ్చడిబండ తీసుకుని గోడ మీద మూడు దెబ్బలు కొట్టేది. దొడ్లో ఉన్నా, పొయ్యి దగ్గరున్నా విమలమ్మగారు పరుగెత్తుకొచ్చేవారు. పాపం ప్రతిసారీ పరుగేమిటని మగవాళ్ళిద్దరూ ఒక ఆదివారం గోడకి కంత పెట్టి, తీగ లాగి, అటుపక్క ఒక పాత ఫోను తగిలించారు. ఒక నంబరు, రెండిళ్ళు. ఎక్కడ మోగినా రెండుచోట్లా మోగుతుంది. తీగ వచ్చాక గోడ కొట్టడం మానేశారు. దానికి బదులు ఒక పద్ధతి పెట్టుకున్నారు. వాళ్ళ ఫోనొచ్చే వేళకి మనం ఎత్తకూడదు, మన వేళకి వాళ్ళు ఎత్తకూడదు. ఎత్తితే ఒకరి మాటలు ఒకరు విన్నట్టవుతుంది కదా.

"యేసుదానం పగటి షిఫ్టు దిగి, క్యాంటీన్ కాడ్నించి ఫోన్ కొట్టేవోడు. రెండు రింగులిచ్చి పెట్టేత్తే బయల్దేరినట్టు. విమల పొయ్యి మీద ఎసరు పెట్టేది. ఆగకుండా మోగితే ఏదో సెప్పాలని. ఎత్తాలి." అత్తయ్య చింతపండు పళ్ళెం పక్కకి నెట్టింది. "ఆవేళ ఒకటే వాన. ఫోను ఆగకుండా మోగింది. విమల దొడ్లో రేకుల కింద బట్టలుతుకుతోంది, వానకి ఇనపళ్ళేదు. నాను ఇక్కడే ఉన్నాను, ఇదే గుమ్మంలో. మనది కాదు కదా అని ఊరుకున్నాను. మోగీ మోగీ ఆగిపోయింది."

ఇంటికొచ్చే దారిలోనే, సింధియా దగ్గర, యేసుదానంగారి స్కూటర్‌ని లారీ గుద్దేసింది. ఆయన ఫోనులో ఏం చెప్పాలనుకున్నారో ఎవరికీ తెలియలేదు.

"మర్నాటినించీ విమల మోగకముందే ఎత్తి పట్టుకు కూర్చునేది. సైరన్ కాగానే. ఈసారి తప్పిపోకూడదని. పోయిందాకా అంతే. నన్నొక్క మాట అనలేదే రమణీ. అన్నా బాగుణ్ణు."

ఆవిడ చెయ్యి పట్టుకుని ఊరుకోవాల్సింది. కానీ నేను అడగాల్సింది అడిగే మనిషిని.

"ఇప్పుడావిడ లేరు కదత్తయ్యా."

"లేదు."

"మరి?"

"మరి ఎత్తుతోందిగా. సైరన్ కాగానే మన ఫోను టింగుమంటాది. ఏడాదిగా ఇంటన్నాను. నీకు నెట్ ఒచ్చాక తెలిసింది."

మర్నాడు పొద్దున్నే, ఎండ బాగా వచ్చాక, తాళంచెవి తీసుకుని నేనొక్కదాన్నే వెళ్ళాను. అత్తయ్య రానంది. లోపల నల్లటి పొడి నేలంతా పరుచుకుని ఉంది. నా పాదాల ముద్రలు తప్ప మరో ముద్ర లేదు. ముందుగదిలో స్టూలు మీద బూడిద రంగు ఫోను, పక్కన పసుపు వైరు కుర్చీ. పైన ఫ్యాను, ఒక రెక్క వంగి ఉంది. స్విచ్చి వేసి చూశాను. తిరగలేదు, ఎలా తిరుగుతుంది, కరెంటే లేదు. ఫోను డబ్బా మీద పొడి వేలెడు మందం ఉంది. రిసీవరు మాత్రం శుభ్రంగా ఉంది. చెయ్యి పట్టుకునే చోట నున్నగా మెరుస్తోంది. కుర్చీ అల్లికలో కూడా కూర్చునేంత మేర పొడి లేదు.

నాకు భయం వేసింది. దాచుకోను. చెప్పులు సరిగ్గా తొడుక్కోకుండా ఇంటికొచ్చాను. వస్తూనే భయం కోపం అయిపోయింది, నాకు అది అలవాటు. బతికున్నప్పుడు ఆవిడకి ఒక్క కష్టం కలిగించలేదు నేను. నా ఉద్యోగమే దొరికిందా? తెల్ల డబ్బా మూత విప్పి, స్క్రూడ్రైవర్‌తో పాత తీగ ఊడదీసి, దాని కొసలు విడివిడిగా వంచి పెట్టేశాను. అత్తయ్య గుమ్మంలోంచి చూసింది. మోడెం దీపం స్థిరంగా వెలిగింది. స్పీడు కూడా అంతకుముందెన్నడూ లేనంత వచ్చింది. మైఖేల్ చెప్పింది నిజమే, ఆ తీగ ఉన్నంతకాలం నాకు సగమే అందింది.

సైరన్ మోగింది. ఫోను టింగనలేదు. దీపం ఆరలేదు. కాకినాడ నుంచి ఎవరో ఆవిడ మోకాళ్ళ డాక్టర్ని అడుగుతోంది, నేను హాయిగా ఖాళీ టైములు చూస్తున్నాను.

గోడ మీద మూడు దెబ్బలు పడ్డాయి.

మామగారి ఫొటో కదిలింది. దెబ్బలు అవతలినుంచి. గట్టిగా కాదు, చేతివేళ్ళ కణుపులతో కొట్టినట్టు. కాసేపాగి మళ్ళీ మూడు.

"ఎవరో తలుపు కొడుతున్నట్టున్నారమ్మా, ముందు వెళ్ళి చూడండి," అంది కాకినాడావిడ.

అత్తయ్య లేచి గోడ దగ్గరకి వెళ్ళి, అరచెయ్యి ఆనించింది. "రాలేదే విమలా," అంది. దెబ్బలు ఆగాయి. ఆ గొంతు నేను మా అత్తయ్య నోట ఎప్పుడూ వినలేదు. ఏదైనా వస్తువు అడిగితే ఇంట్లో లేదని చెప్పాల్సి వచ్చినప్పుడు ఉంటుంది చూడండి, అంత సిగ్గుగా ఉంది.

తర్వాతి రోజూ అంతే, ఆ తర్వాతా అంతే. సైరన్, దెబ్బలు, "రాలేదే విమలా." రోహిత్ ఫోన్ చేసి, లైను బాగుపడిందనీ, కానీ వెనక ఏదో కొడుతున్న చప్పుడు వస్తోందనీ, రివ్యూ రోజున కాల్స్ తను కూడా వింటాడనీ చెప్పాడు. ఇటు అత్తయ్య మధ్యాహ్నం తిండి మానేసింది. కంచం ముందు కూర్చుని సైరన్ దాకా అన్నం కెలుకుతుంది, అయ్యాక లేచిపోతుంది. మా ఆయన డాక్టరు దగ్గరకి తీసుకెళ్దామన్నాడు. అతనికి సంగతి చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"సిన్నప్పుడు ఆ దెబ్బలు నాను ఇన్నాను," అన్నాడు. "ఆ కొట్టుడు అమ్మదే. మనింటినించి అటు. అటునించి ఇటు ఎప్పుడూ లేదు." ఆ పైన టిఫిన్ తినకుండా డ్యూటీకి వెళ్ళిపోయాడు.

ఆ ఆదివారం నేను గోడ ముందు కూర్చుని ఆలోచించాను. తీగ తీసేస్తే దెబ్బలు, పెడితే నెట్ పోతుంది. అయినా తప్పు ఆవిడ ఫోను ఎత్తడంలో లేదు. తీగ స్ప్లిట్టర్‌కి ముందు ఉండడంలో ఉంది. మా ఫోను ఎత్తితే నెట్‌కి ఏమీ కాదు, ఎందుకంటే అది స్ప్లిట్టర్‌కి ఫోను వైపు ఉంది. ఆవిడ తీగ కూడా అటువైపే కలిపితే? డబ్బాలోంచి పాత తీగ పూర్తిగా బయటికి లాగి, కిటికీ మీదుగా స్ప్లిట్టర్ దాకా తెచ్చి, మా ఫోను తీగతో కలిపి బిగించాను. టేపు చుట్టాను. ఒకటే గది అద్దెకి తీసుకున్న ఇద్దరికి మధ్యలో చీర కట్టినట్టు, అంత సులువైన పని. ఎవరికీ తట్టలేదు, నాతో సహా.

రివ్యూ రోజు వచ్చింది. నా చెవుల్లో పేషెంట్లు, వాళ్ళ వెనక ఎక్కడో చప్పుడు చేయకుండా రోహిత్. సైరన్ మోగింది. ఫోను టింగుమంది. నేను మోడెం వంక చూశాను. ఆకుపచ్చ దీపం రెప్ప కూడా వేయలేదు. గోడ నిశ్శబ్దంగా ఉంది. అత్తయ్య గుమ్మంలో కూర్చుని, చాలా రోజుల తర్వాత, పెరుగన్నం కలుపుకుంది. సాయంత్రం రోహిత్ "కంగ్రాట్స్ మేడమ్, మీరు పర్మనెంట్" అన్నాడు. నేను కళ్ళు తుడుచుకుని, ముక్కు చీదుకుని, ఆ పైన వీధంతా వినబడేలా మా ఆయనకి చెప్పాను.

"ఎలాగయిందో ఫోన్ సేసి అడుగుదామంటే నీ ల్యాండ్‌లైన్ మళ్ళీ ఎంగేజ్," అంటూ అతను స్వీటు ప్యాకెట్టు బల్ల మీద పెట్టాడు. "పర్మనెంట్ అయిపోతాదని తెలిసే ఇది కొనేసాను. మజ్జానం ఎప్పుడు సేసినా ఎంగేజే."

స్వీటు నా నోట్లోనే ఆగిపోయింది.

ఆవిడ ఫోను ఎత్తి పట్టుకున్నంతసేపూ ఎవరు చేసినా ఎంగేజే. మా ఆయన చేసినా. ఇంకెవరు చేసినా. తప్పిపోకూడదని అన్నేళ్ళుగా మోగకముందే ఎత్తుతోంది. ఎత్తితే అసలు మోగదు. ఆ సంగతి ఆవిడకి ఎవరూ చెప్పలేదు. రోజూ నేను జనానికి ఇదే చెబుతాను, "మీరు పెట్టేయండి, మేమే మీకు చేస్తాం" అని.

నా ఉద్యోగం నాకు దక్కింది. ఊరుకుంటే ఇక నాకు నష్టం లేదు. కానీ ఆ ఊపిరి నేను విన్నాను.

మర్నాడు సైరన్ మోగి, ఫోను టింగుమన్నాక, హెడ్‌సెట్ ఒక చెవి మీంచి జరిపి మా రిసీవరు ఎత్తాను. ఫ్యాను టక్, టక్ మంటోంది. ఊపిరి అక్కడే ఉంది.

"విమలమ్మగారూ, నాను రమణిని. కనకరత్నమ్మగారి కోడల్ని," అన్నాను. డెస్కు తెలుగు రాలేదు నాకు. "మీరు ఫోన్ పెట్టేయండమ్మా. మీరు ఎత్తి పట్టుకుంటే ఆయనకి ఎంగేజ్ వస్తాది. పెట్టేత్తేనే మోగుతాది. నా మాటినండి. ఇంక తప్పిపోదు, మేమున్నాం ఇక్కడ."

ఊపిరి ఆగింది. తర్వాత కుర్చీ కిర్రుమంది, టక్‌మని ఫోను పెట్టిన చప్పుడు, వెంటనే డయల్ టోన్. నేనూ పెట్టేశాను. అప్పుడే కంప్యూటర్‌లో కాల్ వచ్చింది. హెడ్‌సెట్ సర్దుకున్నాను.

"నమస్కారం, నేను రోజారమణి మాట్లాడుతున్నాను."

ఎవరో అమ్మాయి, వాళ్ళ నాన్నకి కళ్ళ డాక్టర్ కావాలంది. పేరు టైపు చేస్తుండగా ల్యాండ్‌లైన్ మోగింది.

ఆ ఫోను మోగగా నేను ఎప్పుడు విన్నానో గుర్తు లేదు. గోడ అవతల కూడా మోగుతోంది, ఒక గంటకి ఇంకో గంట వెనక. రెండు రింగులు. ఆగుతుందేమోనని చూశాను. ఆగలేదు. మూడోది. నాలుగోది. నా చెయ్యి దానంతటదే ముందుకి వెళ్ళింది.

"మనది కాదు," అంది అత్తయ్య, గుమ్మంలోంచి. అని, తన మాట తనే విన్నట్టు నిలబడిపోయింది.

ఫోను మోగుతూనే ఉంది. అవతల ఎవరూ ఎత్తడం లేదు. పెట్టేయమన్నాను కదా, పెట్టేసి దొడ్లోకి వెళ్ళిందేమో. అత్తయ్య వంక చూశాను. ఆవిడ గిరుక్కున వంటింట్లోకి వెళ్ళింది. పచ్చడిబండ పట్టుకుని వచ్చింది. మామగారి ఫొటో పక్కన, సున్నం మీద, బలమంతా పెట్టి మూడు దెబ్బలు కొట్టింది. పెచ్చులు రాలాయి.

"విమలా! ఫోనే! రా!"

మళ్ళీ కొట్టింది. అవతల, దొడ్డివైపు నుంచి ముందుగదిలోకి, తడికాళ్ళతో ఎవరో పరుగెత్తుకొస్తున్న చప్పుడు గోడ పొడుగునా వచ్చింది. రింగు మధ్యలో ఆగిపోయింది.

అత్తయ్య పచ్చడిబండ గుండెలకి హత్తుకుని గోడకి చేరగిలబడి ఏడ్చింది. మోడెం దీపం ఆకుపచ్చగా వెలుగుతూనే ఉంది.

"మేడమ్, అక్కడేదో గోడ కొడుతున్నట్టుంది," అంది ఫోనులో అమ్మాయి.

"మా అత్తయ్యండీ," అన్నాను. "పక్కింటావిడకి ఫోనొచ్చింది. పిలుస్తున్నారు."